మామ్మగారి స్టీరింగ్

"ఈ సీటు మీద మేత బస్తాలు పెట్టిందెవరండీ?"

షెడ్డు గుమ్మంలో నిలబడి ప్రిస్కిల్లా అడిగిన మొదటి ప్రశ్న అది. లోపల రొయ్యల మేత బస్తాల మధ్య, చిరిగిన వలల కింద, ఓ జాగ్వార్ మార్క్ టూ దుమ్ముకొట్టుకుని పడి ఉంది. అరవై ఏళ్ళ నాటి బ్రిటిష్ కారు. ఇంటిల్లిపాదీ ఎక్కడానికి నాలుగు తలుపులున్నా, పరుగులో పందెం కార్లకి తీసిపోని బండి. ఇప్పుడు దాని తోలు సీట్లు ఎండుచేపల కంపు కొడుతున్నాయి.

"నేనేనండి," అన్నాడు మణిదీప్. "వానకి తడిసిపోతాయని."

"సీట్లా?"

"బస్తాలండి."

ప్రిస్కిల్లా అతన్ని ఎగాదిగా చూసింది. మోకాళ్ళ దాకా చెరువు బురద. ఫోన్లో నాన్నతో "ఆ బండంటే మాకు ప్రాణమండి" అన్నది ఈ మనిషేనా?

ప్రిస్కిల్లా తండ్రి ఐజాక్‌కి భీమవరంలో, ఉండి రోడ్డు మీద గ్యారేజీ ఉంది. ఆమె చెన్నైలో పాత కార్లు బాగుచేసే వర్క్‌షాపులో నాలుగేళ్ళు పనిచేసి, తండ్రి మోకాళ్ళు మొరాయించాక తిరిగొచ్చింది. సొంతంగా చెయ్యి వెయ్యబోతున్న మొదటి పెద్ద బండి ఇదే.

"ఒక్కటే మాటండి," అన్నాడు మణిదీప్. "ఒక్క నట్టు కూడా మారకూడదు. మా తాతగారు తోలినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"నాకు మాత్రం ఏసీ కావాలి బాబూ," అంది వెనక నుంచి ఓ గొంతు. మణిదీప్ నాయనమ్మ జానకీదేవి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికర్ర లేకుండా నడిచొచ్చారు. "పవర్ స్టీరింగ్ కూడా పెట్టమ్మా."

"ఏసీ అంటే సరేనండి మామ్మగారూ. వెనక సీట్లో కూర్చునే మీకు స్టీరింగ్‌తో పనేంటండి?" అన్నాడు మణిదీప్.

ఆవిడ మొహం వాడిపోవడం ప్రిస్కిల్లా ఒక్కతే చూసింది.

బండి గ్యారేజీకి చేరాక అసలు తగువు రేడియేటర్ దగ్గర మొదలైంది. విప్పితే లోపలంతా తెల్లటి పెచ్చులు. గొట్టాలు జల్లెడ అయిపోయాయి.

"ఇది పనికిరాదండి. కొత్తది చేయించాలి."

"ఒక్క నట్టు కూడా మారకూడదన్నానండి."

"నేను మారుస్తానన్నది నట్టు కాదు కదండీ."

"మీరు బళ్ళు మాటలతో బాగుచేస్తారాండీ?"

"కొంతమంది వచ్చినప్పుడు బండి కంటే ముందు ఓనర్ని బాగుచెయ్యాల్సొస్తుందండి."

మణిదీప్‌కి నవ్వొచ్చింది. ఆపుకుని, ఓ తెల్ల పెచ్చుని గ్లాసులో చారెడు నీళ్ళలో నానబెట్టాడు. చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే మీటరు అతని జేబులోనే ఉంటుంది. రెండు చుక్కలు దాని అద్దం మీద వేసి, వెలుగుకేసి పట్టి, ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు.

"ఉప్పేనండి," అన్నాడు నీరసంగా. "తాతగారు బండిని చెరువుగట్టు మీదే ఆపేవారు. రేడియేటర్లో నీళ్ళు తగ్గితే దగ్గర్లో ఉన్నాయి కదా అని ఆ చెరువులోంచే ముంచి పోసేవారు. నేనే బకెట్టు అందించేవాణ్ణి."

"ఎన్నేళ్ళండీ?"

"నా చిన్నప్పట్నుంచి. ఈ రేడియేటర్లో రొయ్యపిల్లల్ని వదిలితే శుభ్రంగా బతుకుతాయండి."

ఇద్దరూ పకపకా నవ్వేశారు. లోపలి గదిలో కూర్చున్న ఐజాక్ తల బయటపెట్టి చూసి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు.

"సరే, మార్చండి. ఇదొక్కటే," అన్నాడు మణిదీప్.

ఆ తర్వాత వైరింగు. "ఇదొక్కటే." తర్వాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, సీటు బెల్టులు, ఏసీ. ప్రతిదానికీ "ఇదొక్కటే". ఒక్క స్టీరింగ్ మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆ చక్రం వెనక, తాతగారి ఒళ్ళో కూర్చుని అతను ఊరంతా తిరిగాడట.

చెరువుల పని పొద్దున్నే ముగించుకుని రోజూ వచ్చేవాడు. స్పానర్ అందించమంటే కటింగ్ ప్లేయర్ అందించేవాడు. ఆమె చెంప మీద గ్రీజు అంటితే చెప్పాలా వద్దా అని తెగ ఆలోచించి, చివరికి "ఇక్కడండి" అని తన చెంప మీద చూపించేవాడు. ప్రిస్కిల్లా తుడుచుకుంటే రెండో చెంపకీ అంటేది. అది కూడా చూపించేవాడు. ఆ మనిషి వచ్చే బుల్లెట్ చప్పుడు రోడ్డు మీది మిగతా చప్పుళ్ళలో తనకి విడిగా వినిపిస్తోందని ప్రిస్కిల్లాకి ఓ రోజు తెలిసింది. తెలిసి, తన మీద తనకే కోపమొచ్చింది.

ఓ మధ్యాహ్నం జానకీదేవి కూడా భోజనం క్యారియర్ పట్టుకుని వచ్చారు. ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. కరెంటు పోయింది. మణిదీప్ గంతేసి లేచాడు. కరెంటు పోతే చెరువుల్లో ఏరియేటర్లు ఆగిపోతాయి, గాలందక రొయ్యలు తేలిపోతాయి.

"జనరేటర్ వేసొస్తానండి! మామ్మగారిని చూస్తూ ఉండండి!" అంటూ వానలోనే బుల్లెట్ మీద పోయాడు.

జానకీదేవి మెల్లగా వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. వేళ్ళ కణుపులు వాచిన చేతుల్ని చక్రం మీద పెట్టారు.

"పెళ్ళైన కొత్తల్లో ఆయన సరదాపడి నాకు డ్రైవింగ్ నేర్పబోయారమ్మా. కాలవగట్టు మీద మలుపు. ఒళ్ళంతా బలం పెట్టి లాగినా చక్రం తిరగలేదు. బండి వెళ్ళి తాటిచెట్టుకి ఆనుకుంది. ఆయన కోప్పడలేదు, నవ్వారు. 'జానకీ, ఇది ఆడవాళ్ళ చేతికి లొంగేది కాదులే' అన్నారు. కాబోలు అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు వెనక సీటే."

"అది మీ చేతుల తప్పు కాదండి," అంది ప్రిస్కిల్లా. "నిదానంగా తిప్పాలంటే దీని బరువే అంత. నాకూ రెండు చేతులు చాలట్లేదు."

ఆవిడ చక్రాన్ని ఓసారి నిమిరారు. "ఈ ముక్క ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదే."

"పవర్ స్టీరింగ్ నేను పెడతానండి."

"అయితే బాబుకి చెప్పకు తల్లీ. చచ్చిపోయిన మనిషి మీద నేరం చెప్పినట్టవుతుంది. ముందు తోలి చూపిస్తాను. తర్వాత నేనే చెప్పుకుంటాను."

ప్రిస్కిల్లా మాటిచ్చింది. ఓ చిన్న కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ మోటారుని డ్యాష్‌బోర్డు కింద, బయటికి కనిపించకుండా బిగించింది. చక్రం మాత్రం పాతదే.

వారం తిరక్కుండానే మణిదీప్ డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. చక్రం పట్టుకుని తిప్పాడు. అది ఒక్క వేలికే గిర్రున తిరిగింది. అతని మొహం మాడిపోయింది.

"ఇది మా తాతగారి స్టీరింగ్ కాదండి."

"కాదండి."

"వద్దన్నానండి."

"అన్నారండి."

"మరెందుకు చేశారండి?" కోపంలో కూడా 'అండి' తగ్గలేదు. "మిమ్మల్ని... మిమ్మల్ని నమ్మానండి."

చెప్పడానికి ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది. ప్రిస్కిల్లా మింగేసింది.

మర్నాడు బుల్లెట్ చప్పుడు వినపడలేదు. ఆ మర్నాడూ లేదు.

"పాతది అలాగే ఉంది కదే, బిగించెయ్యి," అన్నాడు ఐజాక్. "ఒక పూట పని. అబ్బాయి మనసు విరిగిపోయింది."

"నాది మాత్రం విరగలేదా నాన్నా?" అనేసి నాలుక్కరుచుకుంది.

ఐదో రోజు ఆటో దిగారు జానకీదేవి. చేతిలో లెర్నర్ లైసెన్సు కాగితం. "ఎల్.ఎల్.ఆర్. వచ్చింది. ఆ ఆఫీసులో కుర్రాడు మా మనవడికనుకుని, నీ వయసెంత బామ్మా అని మూడుసార్లు అడిగాడు," అన్నారు. జాగ్వార్ ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అతికించి, జానకీదేవిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, క్లచ్చూ గేర్లూ ఒకటికి రెండుసార్లు చెప్పి, ప్రిస్కిల్లా తను పక్క సీట్లో కూర్చుంది. బండి గ్యారేజీ దాటింది, మలుపు తిరిగింది. ఆవిడ మొహం చూడాలంటే ప్రిస్కిల్లాకి మొహమాటమేసింది. అంత సంతోషం.

ఎదురుగా బుల్లెట్ వచ్చి అడ్డంగా ఆగింది.

"మామ్మగారండీ! మీరు తోలడమేంటండి?"

"వెనక కూర్చోండి బాబూ, చెప్తాను," అన్నారావిడ.

బుల్లెట్‌ని పక్కనే కిళ్ళీకొట్టు దగ్గర పెట్టి వచ్చి, మణిదీప్ వెనక సీట్లో కూర్చున్నాడు. రైల్వే గేటు దాకా ఆవిడ చెప్పారు, అతను విన్నాడు. తాటిచెట్టు సంగతి, 'మీ చేతుల తప్పు కాదు' అని ప్రిస్కిల్లా అన్న సంగతి, మాట తీసుకున్న సంగతి. గేటు పడి ఉంటే ఆవిడే బ్రేకు తొక్కి నెమ్మదిగా ఆపారు.

"ఒక్క మాట చెప్పుంటే బాగుండేది కదండీ," అన్నాడు ప్రిస్కిల్లాతో, సీటు మీదికి వంగి.

"మాటిచ్చానండి."

"నన్ను పోగొట్టుకున్నా పర్వాలేదనుకున్నారా?"

"పర్వాలేదని ఎవరన్నారండీ?"

మణిదీప్ ఇంకాస్త ముందుకి వంగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారాండీ?"

"ఇక్కడాండీ? మామ్మగారి ముందా?"

"నేను రోడ్డు చూస్తున్నాను," అన్నారు జానకీదేవి.

"మేం చర్చికెళ్ళేవాళ్ళమండి. మీ వాళ్ళందరూ ఏమంటారు?"

"నాలుగు మాటలంటారు," అన్నారావిడే. "వెనక సీట్లో కూర్చుని అందరి మాటా విన్నాను ఇన్నేళ్ళూ. ఇప్పుడు తోలేది నేను."

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక లారీలు, ఆటోలు ఒకటే హారన్లు. జాగ్వార్ మాత్రం కదల్లేదు.

"పోనివ్వండి మామ్మగారూ," అంది ప్రిస్కిల్లా కంగారుగా.

"నువ్వు జవాబు చెప్పు, పోనిస్తాను."

ప్రిస్కిల్లా వెనక్కి తిరిగింది. అతని కళ్ళలోకి సూటిగా చూడడం అదే మొదలు. "నేను గ్యారేజీ మాననండి."

"మానమన్నదెవరండీ?"

"అయితే వెళ్ళి నాన్నని అడగండి. కాదనరు. నేనూ అననివ్వను."

జానకీదేవి క్లచ్ వదిలారు. బండి ఓ గంతేసి ఠక్కున ఆగిపోయింది. వెనక లారీవాడు తల బయటపెట్టి ఏదో అన్నాడు. ఆవిడ చీరకొంగు సర్దుకుని, ఏమాత్రం తొణక్కుండా, స్టార్టర్ బటన్ మళ్ళీ నొక్కారు.