గంప ఎత్తే చెయ్యి

దువ్వాడ స్టేషన్లో పొద్దున్న పాసింజర్ ఆగిందంటే, చేపల వాసనకి సిగ్నల్ స్తంభం కూడా ముక్కు మూసుకుంటుంది. నేను కళ్ళారా చూశాను.

చేపలమ్మే సూర్యకళ వైజాగ్ నుంచి వచ్చి ఆ బండిలోనే దిగేది. ఒకరోజు, ఉక్కు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసి ఇంటి బండి కోసం నిలబడ్డ మోహన్‌ని, గంప తలమీదికి ఎత్తమంది. ఆ బరువుకి ప్లాట్‌ఫారం జానెడు కుంగింది. ఎలాగో ఎత్తాడు గానీ, చేపల నీళ్ళు కాలర్లో దిగి బూట్లలో తేలాయి.

"కాస్త సూసుకోవా?" అన్నాడు.

"ఒంపింది నువ్వు, తిట్టేది నన్నా?" అందామె.

ఆ రోజు ఫ్యాక్టరీ క్వార్టర్స్ గేటు దగ్గరే చేపలన్నీ అమ్ముడై గంప ఖాళీ. మర్నాటి నుంచి మోహన్ తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదని సూర్యకళ పట్టు పట్టింది. అతని చెయ్యి మంచిదట, బోణీ అదిరిపోతోందట.

షిఫ్టు మారితే మోహన్ ఆ వేళకి స్టేషన్లో ఉండలేడు. అందుకని తోటి కార్మికుడు బాబీకి తన పగటి డ్యూటీలన్నీ ఇచ్చేసి, అతని నైట్లన్నీ తనే తీసుకున్నాడు. బాబీ పెళ్ళాం ఇప్పటికీ మోహన్ ఫోటోకి దండం పెడుతుంది.

కానీ సూర్యకళకి కావలసింది తనా, తన చెయ్యా? అది అడగలేక మోహన్ ప్లాట్‌ఫారం ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. సిమెంటు అరిగి కాలవ పడింది. బండి రాగానే మాత్రం గంప ఎత్తి పంపేసేవాడు.

ఇంతలో సముద్రంలో వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కుతాయని, ఇక చేపలుండవని చెప్పేసి సూర్యకళ వెళ్ళిపోయింది.

అయినా మర్నాడు మోహన్ తన బండి ఎక్కకుండా నిలబడ్డాడు. పాసింజర్లోంచి ఒక్క గంపా దిగలేదు. చివరి పెట్టెలోంచి సూర్యకళ దిగింది, ఉత్త చేతులతో, తలనిండా మల్లెలతో.

"సేపల్లేవు కదా. నా సెయ్యితో ఏటి పని?" అన్నాడు.

"సెయ్యితో కాదు, నీతోనే పని. మా నాన్న ఏడాదంతా సముద్రం మీదే ఉంటాడు. వేట ఆపిన ఈ రోజుల్లోనే ఇంటికాడ దొరుకుతాడు. వచ్చి అడుగుతావా?"

మోహన్‌ది కొత్తవలస పక్క రైతుల ఇల్లు. చేపలమ్మే పిల్లని అక్కడ ఒప్పుకుంటారా అన్నట్టు చూసిందామె.

"మా అమ్మకి నాను సెప్పుకుంటాను. పద," అన్నాడు.

ఇద్దరూ ఆమె ఇంటికి వైజాగ్ బండి ఎక్కారు. స్టేషన్ దాటకముందే మోహన్ ఆమె భుజం మీద నిద్రపోయాడు. అతని గురకకి డ్రైవరు కూత వెయ్యడం మానేశాడు. వైజాగ్ వచ్చేదాకా సూర్యకళ భుజం కదపలేదు.