డ్రగుషాను సోమవారం దాకా బతకాలి

బ్రస్సెల్స్‌లో ఒక ఖరీదైన హోటల్ గదిలో, స్నానాల తొట్టిలో, మొదటి సాక్షి శవమై తేలాడు.

"గుండెపోటని రాశారు," అన్నాడు రుమేనియా గూఢచారి సర్వీసు కల్నల్ హరలాంబియే, ఫోటోను టేబుల్ మీదుగా తోస్తూ. "రోజూ ఈత కొట్టే కుర్రాడికి గుండెపోటు! ఇది కొంగ ముఠా పని. నల్లసముద్రం రేవుల్ని మింగెయ్యడానికి మన నాయకుల్ని కొన్న ముఠా. ఇక మిగిలింది ఒక్క సాక్షి. సోమవారం యూరోపియన్ పార్లమెంటు విచారణ కమిటీ ముందు నోరు విప్పుతాడు. అందాకా అతన్ని బతికించాలి. ఆ పని నీది."

ఏజెంట్ రుక్సాండ్రా వ్లాయికు రెండో ఫోటో చూసింది. చూసి బోర్లా తిప్పి పెట్టింది.

"నేను చెయ్యను సార్."

"ఎందుకని?"

"వీడు లియోంటిన్ డ్రగుషాను. అందుకని."

ఆ పేరు తెలియని వాళ్ళు బుకారెస్ట్‌లో లేరు. మురేనీ అనే కొండ ఊళ్ళో బడిపంతులు కొడుకు. మొదట ఆ ఊరికి మేయర్. తర్వాత పార్లమెంటు సభ్యుడు. రైతుల పార్టీలో గెలిచి, వ్యాపారుల పార్టీలో మంత్రి అయ్యి, ఆ పార్టీ మునిగిపోతుందని తెలియగానే ముందుగా గట్టెక్కిన ఘనుడు. టై రంగు మారిందంటే పార్టీ మారినట్టే లెక్క. ఆరోగ్యమంత్రిగా ఉన్నప్పుడు సొంత జిల్లాలో ఆసుపత్రికి మూడుసార్లు శంకుస్థాపన చేశాడు. మూడుసార్లూ బ్యాండు మేళం వచ్చింది, ఇటుకలు మాత్రం రాలేదు. స్వదేశంలో జనం చీకొట్టాక బ్రస్సెల్స్‌కు ఎగిరి, అక్కడ నీతి, పారదర్శకత అంటూ నాలుగు భాషల్లో ఉపన్యాసాలిచ్చాడు. కొంగ ముఠా సొమ్ము తిన్నదీ అక్కడే. ఇప్పుడు ఉచ్చు బిగుస్తోందని తెలిసి, తన చర్మం కాపాడుకోవడానికి అప్రూవర్‌గా మారాడు.

రుక్సాండ్రాది పక్క ఊరే. ఆమె తల్లి పక్క జిల్లా ఆసుపత్రికి పోతూ దారిలో, అంబులెన్స్‌లో, కూతురి చెయ్యి పట్టుకుని పోయింది.

"నాకు తెలుసమ్మా," అన్నాడు కల్నల్. గొంతు తగ్గించాడు. "కానీ వాడు చస్తే ముఠా మొత్తం దొరల్లా తిరుగుతుంది. రేవులు పోతాయి. వాడి నాలుక సోమవారం దాకా మనకు కావాలి. ఆ తర్వాత నువ్వు వాడి మొహాన ఉమ్మినా నేను చూడను."

ఆమె ఫోటోను మళ్ళీ తిప్పింది. పళ్ళు కొరుకుతూనే జేబులో పెట్టుకుంది.

* * *

శనివారం మధ్యాహ్నం. మురేనీలో డ్రగుషాను తండ్రికి ఏడో ఏటి పొమానా. చనిపోయినవాళ్ళ పేర ఊరంతటికీ పెట్టే భోజనం అది. ఏడేళ్ళుగా సమాధి వైపు తొంగిచూడని కొడుకు ఈసారి టీవీ కెమెరాలను వెంటేసుకుని మరీ దిగాడు. ముసలమ్మల చేతులు ముద్దు పెట్టుకుంటున్నాడు. కెమెరా తిరిగిందో లేదో చూసుకుని, లేకపోతే మళ్ళీ పెట్టుకుంటున్నాడు.

వంటల పందిట్లో నల్ల తలగుడ్డ కట్టుకున్న విధవరాలు కాబేజీ ఆకుల్లో చుట్టిన సర్మలే వడ్డిస్తోంది. తలగుడ్డ కింద ఇయర్‌పీస్, బ్రోచ్‌లో మైక్రోఫోన్, గరిటె పిడిలో సన్నని కత్తి. ఆ విధవరాలు రుక్సాండ్రా.

ఎర్రటి జుట్టు, నల్లటి పట్టు గౌను, ఎత్తు మడమల బూట్లు. పందిట్లోకి ఒక అందగత్తె వచ్చింది. డ్రగుషాను బ్రస్సెల్స్ సలహాదారు అమాలియా. ముఠా దగ్గర జీతం, సర్వీసుకు సమాచారం. డబుల్ ఏజెంట్. ఇంతవరకు ఆమె ఇచ్చిన ప్రతి కబురూ నిజమైంది.

"సర్మలేలో మిరియాలు ఎక్కువైనట్టున్నాయే?" అంది అమాలియా.

"కొండ ఊళ్ళో అంతే తల్లీ, చలికి తట్టుకోవాలిగా," అంది రుక్సాండ్రా. కోడ్ సరిపోయింది.

"స్నైపర్. చర్చి గంట గోపురం మీద. ప్రసంగం మొదలవగానే కాలుస్తాడు," అమాలియా గుసగుసలాడింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. తెర చూసి నవ్వి ఆపేసింది. "మా అమ్మ. గలాట్స్ నుంచి రోజూ నాలుగైదుసార్లు చేస్తుంది. తిన్నావా, స్వెటర్ వేసుకున్నావా అని. మీ పనేదో చూసుకోండి."

రుక్సాండ్రా బ్రోచ్ దగ్గర నోరు పెట్టి తన జట్టులోని కుర్రాణ్ణి పిలిచింది. "టుడోసే, గోపురం. మనుషులందర్నీ అటు పంపు."

నలుగురు ఏజెంట్లు చర్చి వైపు పరుగెత్తారు. ఆవరణలో ఆమె ఒక్కతే మిగిలింది. నిమిషం తిరక్కుండా టుడోసే గొంతు చెవిలో మోగింది. "గోపురం ఖాళీ అక్కా. పావురాలు తప్ప ఎవరూ లేరు."

ఆమె గబుక్కున తల తిప్పింది.

బల్ల దగ్గర అమాలియా డ్రగుషానుకు ఎదురుగా నిలబడింది. చేతిలో మట్టి కప్పు, నిండా ఎర్ర వైన్, అంచున వెలుగుతున్న కొవ్వొత్తి, మీద గుండ్రటి రొట్టె.

"మా అమ్మ ఆత్మ శాంతికి. దేవుడు ఆమెను క్షమించుగాక," అంది అమాలియా, కళ్ళు దించుకుని.

"బొగ్దప్రోస్తే," అని, పోయినవాళ్ళ పేర ఇచ్చింది పుచ్చుకునేటప్పుడు అనే మాట అంటూ, డ్రగుషాను రెండు చేతులా అందుకున్నాడు. అలాంటి దానం కాదనే మగాడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. కెమెరాల ముందు అసలే కాదనడు.

రుక్సాండ్రా గరిటె పిడి బిగించి పట్టుకుంది. ఇప్పుడే ఫోన్ చేసిన తల్లి! రుమేనియాలో ఏ కసాయి కూతురూ బతికున్న తల్లిని అలా చనిపోయినవాళ్ళలో కలపదు. గొంతు మీద కత్తి పెట్టినా ఆ మాట నోట రాదు. వాళ్ళ భాషను అచ్చుగుద్దినట్టు నేర్చుకున్న పరాయిదానికైతే అది వట్టి మర్యాద మాట. గలాట్స్ లేదు, అమ్మ లేదు. ఈవిడ మొదటినుంచీ ముఠా మనిషే.

కప్పులో విషం.

అమాలియా వేలికి లావుపాటి ఉంగరం ఉంది, దాన్ని బొటనవేలితో తిప్పుతోంది. అందులో సూది ఉంటుందని రుక్సాండ్రాకు చెప్పక్కర్లేదు. చుట్టూ పిల్లలు, ముసలివాళ్ళు. తుపాకీ తీస్తే ఎవరికో గుండు తగులుతుంది. టుడోసే వచ్చేసరికి అయిపోతుంది.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆ సంగతి దాచడం ఎందుకు? తాగనీ అనుకుంది. నోరు మూసుకుని ఒక్క క్షణం నిలబడితే చాలు, ఎవరూ తప్పు పట్టరు. అమ్మ చెయ్యి చల్లబడిపోవడం గుర్తొచ్చింది. కానీ వీడు చస్తే వీడిని కొన్నవాళ్ళు హాయిగా ఇంకొకణ్ణి కొంటారు. ఇంకో ఊళ్ళో ఇంకో శంకుస్థాపన.

డ్రగుషాను రొట్టె, కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టి, కప్పు పెదవుల దాకా ఎత్తాడు.

"ఒరేయ్ లియోంటిన్!"

ఆవరణంతా ఉలిక్కిపడింది. ఒక చేత గరిటె, ఇంకో చేత సర్మలే గిన్నె పట్టుకున్న విధవరాలు శివాలెత్తినట్టు వస్తోంది.

"సిగ్గులేదట్రా నీకు? నేల మీద పొయ్యకుండా నోట్లో పోసుకుంటావా? నీ బాబు కింద నోరెండి పడుంటే నువ్వు గటగటా తాగేస్తావా? బ్రస్సెల్స్‌లో ఇదేనా నేర్పింది?"

"నిజమేరా అబ్బాయ్," అన్నాడు బల్ల చివర ముసలి బాబాయి. "ముందు పోయినోళ్ళకి పొయ్యాలి. అది కూడా మర్చిపోయావూ?"

డ్రగుషాను మొహం కందగడ్డ అయింది. కెమెరావాడు దగ్గరికి జరిగాడు. డ్రగుషాను తడబడుతూ కప్పు వంచి రెండు చుక్కలు నేల మీద విదిలించాడు.

"రెండు చుక్కలా!" రుక్సాండ్రా గొంతు చీల్చుకుని అరిచింది. ఇప్పుడది నటన కాదు. "కన్నతండ్రికి రెండు చుక్కలా? ఆసుపత్రికి రెండు రాళ్ళు, తండ్రికి రెండు చుక్కలు! నీ చేత్తో ఈ ఊరికి ఎప్పుడైనా నిండుగా ఏదైనా ఇచ్చావట్రా, పిసినారి పీనుగా?"

జనం గొల్లుమన్నారు. ఎవరో ఈల వేశారు.

డ్రగుషాను ఎన్నికల మనిషి. నవ్వు తన మీదికి తిరిగితే దాన్ని చప్పట్లుగా మార్చుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కప్పు ఆకాశానికెత్తి, కెమెరా వైపు చూసి, వణికే గొంతుతో అన్నాడు. "నాన్నా! చుక్క కూడా నాకొద్దు. అంతా నీకే!"

వైన్ మొత్తం మట్టిలో ఇంకిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

అమాలియా ఉంగరం చెయ్యి లేచింది. సూది అతని మెడకు వేలెడు దూరంలో ఉండగా వేడివేడి సర్మలే గిన్నె ఆమె మొహాన పడింది, వెంటనే గరిటె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రుక్సాండ్రాకు ఇంపుగానే వినిపించింది.

"మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు," అంది, బేడీలు వేస్తూ. "తిన్నానని."

* * *

సాయంత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చింది, కప్పు అడుగున మిగిలింది విషమేనని. డ్రగుషాను సర్వీసు వ్యానులో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"నేను తాగి ఉంటే?" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో ఉపన్యాసం లేదు.

"గంటలోపు విరుగుడు ఇచ్చి ఉంటే బతికేవారు సార్," అంది రుక్సాండ్రా. " ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా ఉండే మందే. ముఠావాళ్ళు దేశమంతా వెతికి మీ ఊరే ఎంచుకున్నారు. ఎందుకో తెలుసా? ఇక్కణ్ణుంచి గంటలో ఏ ఆసుపత్రికీ చేరలేరని వాళ్ళు లెక్కేశారు. మా అమ్మ విషయంలో ఆ లెక్క సరిగ్గా సరిపోయింది."

ఆమె వ్యాను తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

సోమవారం అతను కమిటీ ముందు అన్ని పేర్లూ కక్కేశాడు. చీకటి పడకుండానే అయిదు రాజధానుల్లో ముఠా మనుషులకు బేడీలు పడ్డాయి. రేవులు మిగిలాయి. మంగళవారానికల్లా టీవీలన్నీ ప్రాణాలకు తెగించిన నిజాయితీపరుడని డ్రగుషానును ఆకాశానికెత్తాయి. తండ్రి పేర వైన్ ధారపోస్తున్న వీడియో చూసి దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. బుధవారం అతను కొత్త పార్టీ ప్రకటించాడు. కొత్త టై కట్టుకున్నాడు.

గురువారం కల్నల్ ఫోన్ చేశాడు.

"రుక్సాండ్రా, కోపం తెచ్చుకోకు. ఆయనకి ఎన్నికలయ్యేదాకా రక్షణ కావాలట. పేరు పెట్టి నిన్నే అడిగాడు."

"సరే సార్," అంది రుక్సాండ్రా. "కానీ ఇకమీద ఆయన గ్లాసులో వైన్ నేనే పోస్తాను."