చెప్పని గుంపు

కడప ఊరి చివరి కాలేజీలో పాత స్టోరు గది ఒకటుంది. కిటికీ లేదు. కింద నల్లటి కడప బండలు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. మే నెలలో బయట నిలబడితే మాడు పగిలిపోతుంది, ఆ గదిలో మాత్రం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. సైకాలజీలో పరిశోధన చేసే మహిమ రెండు నెలలుగా అక్కడ ఒక దెయ్యాన్ని తయారు చేస్తోంది.

నిజంగానే తయారు చేసింది. ఒక సాయంత్రం టీ తాగుతూ కూర్చుని ఐదు వాక్యాల్లో రాసిపారేసింది. ఈ గదికి బండలు పరిచేటప్పుడు తిమ్మయ్య అనే పనివాడు బండ మీద పడి చచ్చిపోయాడట. బండలో పగులుందేమోనని రాయి పనివాళ్లు సుత్తితో తట్టి చప్పుడు వింటారు కదా, అలా ఇప్పటికీ మూడేసి సార్లు గోడ తడుతుంటాడట. అంతే కథ. ఆ తిమ్మయ్య పుట్టిందీ లేదు, చచ్చిందీ లేదు.

నలభై మంది విద్యార్థులు. చీటీలు తీసి ఇరవై మందికి గదిలోకి పోయే ముందు ఈ కథ చెప్పింది, ఇరవై మందికి ఏమీ చెప్పలేదు. ఒక్కొక్కరూ చీకట్లో పది నిమిషాలు కూర్చోవాలి. ఎవరో ఉన్నట్టనిపిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. బయటికొచ్చి ఫారం నింపి, తాళమున్న పెట్టెలో వేసి పోవాలి. చెప్పిన గుంపు నొక్కి, చెప్పని గుంపు ఊరికే కూర్చుంటే, దెయ్యం గదిలో లేదు, చెప్పిన మాటలో ఉందని తేలిపోతుంది.

అది తేలకపోతే మహిమకు నిద్ర పట్టదు. ఆమెకు ఆరేళ్లప్పుడు తమ్ముడు పురిట్లోనే పోయాడు. అమ్మ కృపమణి మాట మానేసింది. దెయ్యం పట్టిందన్నారు. చర్చికి పోయేవాళ్లూ పోనివాళ్లూ ఆ ఒక్క పనికి మాత్రం ఏకమై చింతబరికెలతో కొట్టారు. ఆ చారలు అమ్మ వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి. కొట్టినవాళ్లలో ఒక్కడు కూడా తప్పయిందని అనలేదు. వాళ్ల మొహాన కొట్టడానికి మహిమకు ఒక కాగితం కావాలి.

చివరి విద్యార్థి వెళ్లాక పెట్టె తెరిచి ఫారాలు లెక్కపెట్టింది. చెప్పిన గుంపులో పదమూడు మంది నొక్కారు. చెప్పని గుంపులో ఆరుగురు. సరే, చీకట్లో ఎవరికైనా ఏదో ఒకటి అనిపిస్తుంది. కానీ ఆ ఆరుగురు రాసింది పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివింది.

గోడ మీద ఎవరో తట్టారు, మూడు సార్లు. తట్టి, ఆగి, విన్నట్టుంది. ఆరుగురిదీ అదే. ఆరుగురూ ఇంకో మాట కూడా రాశారు. తడి రాతిపొడి వాసన.

ఆ వాసన మహిమ కథలో లేదు.

గైడు జయరాజ్ సార్ ఫారాలు చూసి కళ్లద్దాలు తీశారు. "ఒకరికొకరు చెప్పుకోనుంటారమ్మా. ఆ ఆరూ తీసెయ్."

"అందరికన్నా ముందు కూచున్న పిల్ల చెప్పని గుంపే సార్. అప్పటికి ఆ కథ మీకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు."

ఆయన గొంతు తగ్గించారు. "ఇవి థీసిస్‌లో పెడితే మీ అమ్మను కొట్టినోళ్లు ఏమంటారో ఆలోచించుకో. చూసినారా, దెయ్యం ఉండాది అంటారు."

ఆ మాట సూటిగా తగిలింది. మహిమ ఫారాలు సంచిలో పెట్టుకుని బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి అమ్మకు ఫోన్ చేసింది.

"దెయ్యం ఉండాదని తేలితే ఏం చేస్తావు మా?"

కృపమణి వెంటనే అంది. "ఉంటే ఉండనీ పాపా. దాన్ని ఎవురూ కొట్టలేదు గదా. నన్ను కొట్టినారు."

మధ్యాహ్నం రెండు గంటలు. సెలవులు కాబట్టి కాలేజీలో పురుగు లేదు. మహిమ ఖాళీ పెట్టెకు తాళం వేసి, గది బయట బల్ల మీద మిగిలిన రాయని ఫారాల పక్కన పెట్టింది. తాళంచెవి సంచిలో వేసుకుంది. ఫోన్లో పది నిమిషాలకు అలారం పెట్టుకుని, లోపలికెళ్లి తలుపు మూసుకుని, బటన్ పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

చీకటి. తన ఊపిరి తనకే వినిపిస్తోంది. బయట ఎక్కడో ఆటో పోయిన చప్పుడు సన్నబడి ఆగిపోయింది. చెమట ఆరింది. మెల్లగా వాసన వచ్చింది... తడి రాతిపొడి.

టక్. టక్. టక్.

ఎదురు గోడ. తర్వాత పక్క గోడ. ఆగి, విని, మళ్లీ. ఆ చప్పుడు గోడ దిగి నేల మీదికి వచ్చింది. ఒక్కో బండా తట్టుకుంటూ... దగ్గరికి... ఇంకా దగ్గరికి.

మహిమ బటన్ నొక్కింది. భయంతో కాదు, నిజం కాబట్టి నొక్కింది. భయం కూడా ఉంది.

సరిగ్గా ఆమె కాళ్ల కింది బండ మీద... టక్. టక్. టక్.

"లెయ్..." మోకాళ్ల దగ్గర ఎవరో గుసగుసగా అన్నారు. "ఈ బండ చూడల్ల... లెయ్."

"లెయ్యను." మహిమ కాళ్లు కదపకుండానే అంది. "నిన్ను నేను రాసినా. మా అమ్మను కొట్టేటప్పుడు యాడుండావు నువ్వు?"

కుర్చీ కాళ్లు ఒకసారి కదిలాయి. ఆమె రెండు చేతులతో కుర్చీని పట్టుకుని అలారం మోగేదాకా కూర్చుంది.

బయటి ఎండ కళ్లల్లో పొడిచింది. తన ఫారం నింపి, నలభై ఒకటి అని నంబరు వేసింది. పెట్టె తాళం తీసింది. లోపల అప్పటికే ఒక ఫారం ఉంది.

మీద బూడిదరంగు తడి వేలిముద్రలు. అక్షరాలు పెద్దవి, వయసొచ్చాక నేర్చుకున్నవాళ్లవి.

గదిలో ఎవరైనా ఉన్నట్టు అనిపించిందా? అవును. ఏం గమనించారు? ఒక ఆడమనిషి. కుర్చీలో కూచోనుండాది. లెయ్యమంటే లెయ్యలేదు. గది గురించి మీకు ముందుగా ఎవరైనా ఏమైనా చెప్పారా?

ఎవురూ ఏమీ చెప్పలేదు.

మహిమ దాన్ని రెండుసార్లు చదివింది. తన ఫారం మీది నంబరు కొట్టేసి నలభై రెండు చేసింది. నలభై ఒకటి ఆ తడి కాగితం మీద వేసి, చెప్పని గుంపు కాగితాల్లో పెట్టింది.

అప్పుడే జయరాజ్ సార్ ఫోన్. "ఏమ్మా, ఆ ఆరూ తీసేసినావా?"

మూసిన తలుపు అవతల, ఆమె లేచి వచ్చిన చోట, బండ మీద మళ్లీ మొదలయింది.

"లేదు సార్," అంది మహిమ. "ఇప్పుడు ఏడయినాయి. ఏడూ పెడతాండా."