మా అమ్మాయే చెప్పింది

తెల్లవారి తల్లి కుళాయి నీళ్లు పట్టుకొచ్చేసరికి కూతురు భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేత్తో జుట్టుకు క్లిప్పు పెట్టుకుంటోంది. తల్లి పక్కనే ఉన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"ఎల్లుండి మందుల దిగుమతికి కట్టాలి సార్, మన దగ్గర అన్ని డాలర్లు లేవు. కేంద్ర బ్యాంకు ఇస్తేనే గట్టెక్కుతాం," అంటోంది.

ఆమె ఫోన్ పెట్టేశాక తల్లి అడిగింది. "ఏంటే పిచ్చుకా, ఏమన్నా ఇబ్బందా?"

"ఏం లేదమ్మా. నీకు అర్థం కాదులే. వస్తా."

తలుపు పడింది. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని తల్లే పెట్టుకున్న ముద్దుపేరు అది. ఆ పిచ్చుక ఇప్పుడు బ్యాంకులో విదేశీ డబ్బు వ్యవహారాలు చూసే ఆఫీసరు. పగలంతా మాటలు అక్కడే ఖర్చయిపోతాయి కాబోలు, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదు. కంచంలో చెయ్యి, ఫోన్‌లో చూపు. తల్లికి రోజంతా గోడలతోనే కాలక్షేపం.

అందుకే ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. బాగున్న దిండు గలీబు కుట్లు తనే విప్పేసి, కుట్టించుకునే నెపంతో కింది వాటాలోని టైలరమ్మ దగ్గరికి వెళ్తుంది. టైలరమ్మ మంచిదే, కానీ మిషన్ ఆపదు. ఆ చప్పుడులో ఈవిడ మాటలు సగం కొట్టుకుపోతాయి. అయినా ఎదురుగా ఒక మనిషి ఉంటుంది కదా.

ఆ రోజు కూడా గలీబు పట్టుకుని దిగింది.

"మళ్లీ ఊడిందా పెద్దమ్మా? మీ దిండు రాత్రిళ్లు కుస్తీ పడుతోందా ఏంటి?" అంది టైలరమ్మ తలెత్తకుండానే.

ఆవిడ భర్త ఓడల్లో పనిచేస్తాడు. అతని జీతం డాలర్లలోనే వచ్చి కూతురి బ్యాంకులోనే జమవుతుంది. ఆ సంగతి తలపుకొచ్చి, ఊసుపోక, తల్లి నోరు జారింది. "బ్యాంకులో డాలర్లు లేవటమ్మా."

మిషన్ ఆగిపోయింది. టైలరమ్మ కళ్లజోడు తీసి, మొదటిసారి ఈవిడ మొహంలోకి సూటిగా చూసింది. "ఎవరన్నారు?"

ఆ చూపు ఎండలో చల్లటి నీళ్లలా తగిలింది. వదులుకోబుద్ధి కాలేదు. "మా అమ్మాయే చెప్పింది," అంది తల్లి. "నాకు అన్నీ చెబుతుంది."

టైలరమ్మ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, ఎన్నో అడిగింది. అడిగినవాటికి తల్లి ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

సాయంత్రం కూతురు చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది. గొంతు బొంగురుపోయింది.

"ఎవరికి చెప్పావమ్మా?"

"ఏంటే?"

"బ్యాంకు ముందు వీధి చివరి దాకా లైను. 'ఆఫీసరమ్మ సొంత తల్లే చెప్పింది, డాలర్లు అయిపోయాయట' అని మీ టైలరమ్మ కౌంటరు దగ్గర అందరికీ వినపడేలా అరిచింది. మేనేజరు నా మొహం చూశాడు. నేను బయటపెట్టానని తేలితే నా ఉద్యోగం పోతుంది."

"లేవని నువ్వేగా అన్నావు..."

"లేకపోవడమంటే మునిగిపోవడం కాదమ్మా! అప్పులిచ్చాం, నెలా రెండు నెలల్లో తిరిగొస్తాయి. ఈలోపు చేతిలో ఆడక కేంద్ర బ్యాంకును అడుగుతున్నాం. మన నోట్లు తన దగ్గర పెట్టుకుని, అవి తిరిగొచ్చేదాకా డాలర్లిస్తుంది. మన నోట్లయితే అచ్చేస్తుంది, డాలర్లు అచ్చెయ్యలేదుగా! దాచుకున్న వాటిలోంచే తియ్యాలి. ఇవాళ నీ పుణ్యమా అని, మా దగ్గరున్న కాస్తా జనం ఊడ్చుకుపోయారు. ఇక మందులకు కట్టేదేం పెట్టి?"

తల్లి మంచినీళ్లు తెచ్చిస్తే కూతురు అందుకోలేదు.

"పోనీ, విన్నావు. కానీ నేను చెప్పానని ఎందుకన్నావు?"

తల్లి చీర కొంగు మడతలు పెడుతూ మెల్లగా అంది. "చాటుగా విన్నానంటే, పాపం ఇంట్లో ఈవిడతో ఎవరూ మాట్లాడరు కాబోలు అనుకుంటుంది కదే. నువ్వు నాతో చెప్పావంటే... ఆ కాసేపు నిజంగా చెప్పినట్టే ఉంది."

కూతురు వంగి చెప్పులు విప్పింది. గదిలోకి వెళ్లి తలుపు నెమ్మదిగా వేసుకుంది. విసిరికొట్టినా బాగుండేదనిపించింది తల్లికి.

మర్నాడు తల్లి ఒక్కతే బ్యాంకుకు వెళ్లింది. లైను నిన్నటికంటే పెద్దదయింది. మిగతా డాలర్లు కూడా తీసేసుకోవాలని టైలరమ్మ ముందు వరసలోనే ఉంది. అద్దం అవతల కూతురి తల మాత్రం కనిపిస్తోంది. తల్లి మెట్లెక్కి జనం వైపు తిరిగింది.

"మా అమ్మాయి నాకేం చెప్పలేదు. అది నాతో ఏమీ చెప్పదు. ఇంట్లో మాట్లాడుకోవడమే లేదు మాకు. ఫోన్‌లో సగం మాట విని, నాతోనే చెప్పిందని గొప్పలు పోయాను. మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. తప్పు నాది, దానిది కాదు."

ఎవరో నవ్వారు. ఎవరో "అయ్యో" అన్నారు. అద్దం అవతల తల పైకి లేచింది.

మేనేజరు బయటికొచ్చి, కేంద్ర బ్యాంకు నుంచి డాలర్లు వచ్చాయనీ, అడిగినవాళ్లకు అడిగినంత ఇస్తామనీ చెప్పాడు.

"నిజంగా ఇస్తారా?" అంది టైలరమ్మ.

"ఇప్పుడే ఇస్తాం."

"ఇచ్చేట్టయితే ఇక నాకెందుకు? కుట్టుమిషన్ కింద దాచుకోనా?" అని ఆవిడ లైనులోంచి తప్పుకుంది. వెనకవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అడిగిన కొందరికి చకచకా ఇస్తుంటే మిగతావాళ్లకు తొందర తగ్గింది. మధ్యాహ్నానికి వీధి మామూలు వీధైపోయింది.

ఆ సాయంత్రం కూతురు పెందలాడే ఇంటికొచ్చింది. ఫోన్ బ్యాగులోనే వదిలేసి తల్లి పక్కన చాప మీద కూలబడింది.

"మేనేజరు ఏమన్నాడే?"

"సీటు దక్కింది. మందులకూ రేపు కట్టేస్తాం. ఇంట్లో కూడా జాగ్రత్తగా మాట్లాడమన్నాడు." నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లు నిండాయి. "ఇంట్లో మాట్లాడితే కదా! అంతమందిలో ఎలా చెప్పావమ్మా ఆ మాట?"

"నిజమేగా. చెప్పేశాక ఏడుపు రాలేదు కూడా."

కూతురు తల్లి భుజానికి తల ఆనించింది. "రోజంతా ఏం చేస్తుంటావమ్మా నువ్వు? చెప్పు, వింటాను."

తల్లి మొదలుపెట్టింది. కుళాయి నీళ్ల సంగతి, కిటికీ మీద వాలే పావురం సంగతి, చనిపోయిన భర్త గొంతు ఒక్కోసారి వెంటనే గుర్తుకు రాకపోవడం. ఆ మాట దగ్గర ఆగి చూస్తే పిల్ల నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చిన్నప్పటిలాగే.

తల్లి భుజం కదపలేదు. గొంతు తగ్గించి, మిగిలినదంతా చెప్పడం మొదలుపెట్టింది.