రంజాన్‌లో చికెన్ మేళా

"ఆ పుల్ల ఎక్కడ పెడుతున్నరు మేడం?" అని అడిగాడు హఫీజ్.

"కోడికి," అంది అనీసా.

"కోడికని తెలుస్తనే ఉంది. కోడికి ఎక్కడ అని అడుగుతున్న."

"గొంతులో ఒకటి, వెనకాల ఒకటి. మీరు గట్టిగా పట్టుకోండి, తన్నుతది."

కల్లూరు బస్టాండు దగ్గర, ఖయ్యూం చికెన్ సెంటర్ ముందు, పొద్దున్నే జరిగిన సంభాషణ ఇది. దీన్ని తొలిచూపు అంటే ఎవరు ఒప్పుకున్నా ఆ కోడి ఒప్పుకోదు.

సంగతేమిటంటే దేశానికి బర్డ్ ఫ్లూ వచ్చింది. మన దేశానికి ఏది వచ్చినా దాని వెనకే ఒక ఆర్డరు వస్తుంది. ఢిల్లీ హైదరాబాదుకు రాసింది. హైదరాబాదు ఖమ్మానికి రాసింది. ఖమ్మం కల్లూరుకు రాసింది. కల్లూరు రాయడానికి కింద ఇంకెవరూ మిగల్లేదు. అందుకని పశువుల డాక్టరు అనీసా మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు తగిలించుకుని, కోళ్లను పరీక్ష చేయడానికి దూదిపుల్లలతో బయల్దేరింది.

ఖయ్యూం కొడుకు హఫీజ్ డిగ్రీ చదివి, ఉద్యోగాల పరీక్షలన్నీ రాసి, ఏదీ రాక తండ్రి కత్తి అందుకున్నవాడు. కోడిని పట్టడంలో ఊళ్లో అతనికి మంచి పేరుంది. ఆ రోజు మాత్రం చేతిలో కోడి కాస్తా జారి పక్కనున్న పూలకొట్టులో దూరింది.

"కోడిని పట్టుడే రాదు, షాపెట్ల నడుపుతున్నరు?" అంది అనీసా.

"నా దగ్గర కోళ్లకు గింత అవమానం ఎన్నడు జరగలే మేడం. ఇజ్జత్ ఉన్న కోడి, తట్టుకోలేకపోయింది."

మాస్కు వెనక ఆమె నవ్విందో లేదో తెలియలేదు గానీ కళ్లు చిన్నవయ్యాయి. రిపోర్టు వచ్చేదాకా షట్టరు దించమని చెప్పి వెళ్లిపోయింది. కళ్లు చూసి హఫీజ్ ప్రేమలో పడ్డాడనుకునేరు. ముందు వచ్చింది కోపమే. కళ్ల సంగతి అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది.

రిపోర్టులో ఏ జబ్బూ లేదని తేలింది. ఆ మాట చెప్పడానికి అనీసా స్వయంగా వచ్చింది. ఈసారి మాస్కు లేదు. హఫీజ్‌కు రిపోర్టు సగమే వినిపించింది.

షట్టరు లేచింది గానీ గిరాకీ లేవలేదు. జనం ఫోన్లలో ఎక్కడివో చచ్చిన కోళ్ల ఫోటోలు తిరుగుతున్నాయి. పక్క తండా రైతు రెడ్యా, ఆదివారమైతే అందరికంటే ముందు వచ్చి కిలో కొట్టించుకునే మనిషి, ఇప్పుడు రోడ్డుకు అవతలి పక్కనుంచి నడుస్తున్నాడు.

"ఏం కాకా, ఇటు చూస్తలేవు?" అని హఫీజ్ కేకేశాడు.

"చూస్తే అంటుకుంటదేమో బిడ్డా," అన్నాడు రెడ్యా, తల తిప్పకుండానే.

ఖాళీ షాపులో కూర్చుని కూర్చుని ఖయ్యూం ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "ఈద్ దాక చూస్త బేటా. గప్పటికీ గిరాకీ రాకుంటే షాపు మూసేస్త. నువ్వు హైదరాబాద్ పోయి మీ మామూ టైర్ల షాపుల కూర్చో."

హఫీజ్‌కు టైర్ల మీద కోపమేమీ లేదు. కానీ టైర్లను పరీక్ష చేయడానికి పశువుల డాక్టర్లు రారు. ఆ ఆలోచన వచ్చాకే తన పరిస్థితి ఏమిటో అతనికి పూర్తిగా అర్థమైంది.

ఆ వారం అనీసాకు సత్తుపల్లి దాటాక ఆంధ్రా సరిహద్దులో చెక్‌పోస్టు డ్యూటీ పడింది. అటునుంచి కోడి గానీ, గుడ్డు గానీ ఇటు రాకూడదు. ఒక మధ్యాహ్నం ఇటువైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆమె ముందు ఆగింది.

"బండిల ఏముంది?"

"ఖాళీ పంజరాలు మేడం."

"ఎక్కడికి పోతున్నయ్?"

"ఇక్కడికే."

"ఇక్కడేం పని?"

"మీరు చెక్ చేస్తరని తెచ్చిన."

అనీసా అతణ్ని పైనుంచి కిందికి చూసి, బండ్ల మీద వైరస్ మందు కొట్టే మనిషికి సైగ చేసింది. అతను పంజరాల మీద కొట్టాడు. గాలి మళ్లి సగం మందు హఫీజ్ మీద పడింది.

"ఇప్పుడు మీ దగ్గర ఏ వైరస్ ఉండదు," అంది.

"నాకున్నది మందుకు పోయేది కాదు మేడం."

అనీసా ముఖం తిప్పుకుని రోడ్డు పక్క పామాయిల్ తోట చూడసాగింది. పామాయిల్ తోటలో అంతసేపు చూడాల్సిందేమీ ఉండదు.

ఇంతలో రంజాన్ మొదలైంది. పైనుంచి మరో ఆర్డరు కూడా వచ్చింది. జనం భయం పోవాలంటే ప్రతి మండలంలో చికెన్ మేళా పెట్టాలట. అధికారులు జనం ముందు కోడికూర తిని చూపించాలట. మండలాఫీసులో మీటింగు పెట్టారు. డాక్టరుగా అనీసాను, షాపుల తరఫున హఫీజ్‌ను పిలిచారు. ఇద్దరూ రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో, ఉన్నారు కాబట్టి టీ వద్దన్నారు. పోట్లాట మాత్రం వద్దనుకోలేదు.

"అరగంట ఉడికితే వైరస్ ఉండదు," అంది అనీసా.

"మా అమ్మీ ముప్పావుగంట ఉడికిస్తది."

"గంతసేపు ఉడికితే అది కూర కాదు, గంజి."

"మా అమ్మీ కూర తిన్నరా మీరు? తినకుండ ఎట్ల మాట్లాడతరు?"

"మీరు పిలిచింది లేదు కదా."

హఫీజ్ ఆమె వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే మండలాధికారి, "శనివారం పొద్దున పదకొండు గంటలకు పెడదాం. అందరికీ ఓకేనా?" అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న ఇద్దరూ ఒక్కసారే "ఓకే" అన్నారు. రంజాన్ నెలలో పట్టపగలు కోడికూర తిని చూపిస్తామని ఇద్దరు రోజాదారులు ఒప్పుకున్న మండలం దేశంలో ఇంకోటి ఉండకపోవచ్చు.

శనివారం స్కూలు గ్రౌండులో షామియానా వేశారు. బ్యానరు మీద కోడి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో ఎవరికీ అర్థం కాలేదు. మూడు డేగిశాల కూర, జనం, ఫోన్లు పట్టుకుని వీడియో తీసేవాళ్లు, అంతా సిద్ధంగా ఉన్నారు.

మొదటి ప్లేటు మండలాధికారికి ఇచ్చారు. ఆయన శనివారాలు గుడ్డు కూడా ముట్టడు. శనివారం పెట్టిందీ ఆయనే. ప్లేటు ఎస్సై గారి దగ్గరికి పోయింది. ఆయన హనుమాన్ దీక్షలో ఉన్నాడు. పక్కనున్న నాయకుడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని గ్యాస్ ట్రబుల్ అన్నాడు. లెగ్ పీసు స్టేజీ అంతా తిరిగి అనీసా ముందుకొచ్చింది.

జనంలోంచి రెడ్యా లేచాడు. "డాక్టరమ్మ తింటే నేను తింట."

అనీసా ప్లేటు చూసింది, హఫీజ్‌ను చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

"నేను రోజాలో ఉన్న పెద్దయ్యా," అంది.

"మరి అమ్మేటోడు?"

"నేను గూడ రోజానే కాకా," అన్నాడు హఫీజ్.

గ్రౌండంతా ఒకటే నవ్వు. డాక్టరే తినలేదు, అమ్మేవాడే తినలేదు అన్న వీడియో షామియానా విప్పకముందే ఊరు దాటింది. షాపు కథ ముగిసిందని హఫీజ్‌కు అర్థమైంది. వెనక కుర్చీలో తండ్రి తల దించుకుని ఉన్నాడు.

అనీసా లేచి మైకు అందుకుంది.

"సాయంత్రం రోజా విడిచినంక ఖయ్యూం గారి షాపు ముందర, అందరు చూస్తుండంగ నేను తింట. వాళ్ల షాపు కోడే. హఫీజ్ గారి అమ్మగారు వండుతరు. నమ్మకం లేనోళ్లు వచ్చి చూసుకోవచ్చు."

హఫీజ్ అమ్మగారు గుల్నాజ్ బేగానికి ఈ సంగతి ఇరవై నిమిషాల తర్వాత తెలిసింది. ఆమె ఇల్లు సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి బస్టాండులో బస్సు తిరగడానికి చోటు లేదు. షాపు ముందు బల్ల, దాని మీద తెల్లటి గుడ్డ, రెండు ప్లేట్లు. రెడ్యా అందరికంటే ముందు స్టూలు వేసుక్కూర్చున్నాడు. అజాన్ వినిపించింది. అనీసా ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"ఖర్జూరం మేము గూడ తింటం డాక్టరమ్మా, కూర సంగతి చూడు," అన్నాడు రెడ్యా.

"నమాజ్ చేసి వస్త పెద్దయ్యా."

"పోయిరా, మేం ఎక్కడికి పోతం."

నిజంగానే ఎవరూ కదల్లేదు. అనీసా షాపు వెనక ఇంట్లో గుల్నాజ్ పక్కన నమాజ్ చేసుకుంది. హఫీజ్ మసీదుకు పోయి వచ్చాడు. ఇద్దరూ బల్లకు ఎదురెదురుగా కూర్చున్నారు. గిన్నె మూత తీశారు. హఫీజ్ గబగబా నాలుగు ముద్దలు తిన్నాడు గానీ అతణ్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అమ్ముడుపోని సరుకు తినక ఏం చేస్తాడని జనం ఉద్దేశం. అందరూ ఫోన్లలో లైవ్ పెట్టి అనీసా చేతినే చూస్తున్నారు.

ఆమె ముక్క తుంచింది. చెయ్యి సగంలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు హఫీజ్ మెల్లగా.

"ఏం లేదు."

"మరి తింటలేరు?"

"నేను కోడి తినను హఫీజ్."

"ఇయ్యాలనా?"

"ఎన్నడూ. కాలేజీల పోస్టుమార్టం క్లాసులల్ల చచ్చిన కోళ్లను కోసీ కోసీ, ఇగ తినబుద్ధి కాలే. జబ్బుకు భయపడి కాదు. ఆ వాసనే పడదు. మా ఇంట్ల పండక్కి గూడ నాకు వేరే వండుతరు."

"మరి మైకుల గట్లెందుకు చెప్పినరు?"

"మీరు హైదరాబాద్ పోతున్నరంట కదా. టైర్ల షాపుకు."

హఫీజ్ ప్లేటు పక్కకు జరిపాడు. అంతమంది చూస్తున్నారన్న సంగతే మర్చిపోయాడు. "తినకండి. నేను లేచి చెప్త వీళ్లకు. పోతే పోనీ. నా షాపు కోసం మీరు గింత బాధ పడొద్దు."

"షాపు కోసమని ఎవరన్నరు?" అంది అనీసా. ముక్క నోట్లో పెట్టుకుంది.

చాలాసేపు నమిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగింది. ఆగి, నీళ్లు తాగి, ఇంకో ముక్క తుంచి అదీ మింగింది.

"ఎట్లుంది డాక్టరమ్మా?" అన్నాడు రెడ్యా.

"ఉప్పు తక్కువైంది."

"రోజాలో ఉప్పు ఎట్ల చూస్త బిడ్డా?" అంది తలుపు చాటునుంచి గుల్నాజ్, నొచ్చుకుంటూ.

జనం గొల్లుమన్నారు. రెడ్యా స్టూలు మీదినుంచి లేచాడు. "ఖయ్యూం భాయ్, నాకో కిలో కొట్టు. ఉప్పు మా ఇంట్ల ఉంది."

అతని వెనక ఇంకొకరు నిలబడ్డారు, వాళ్ల వెనక మరో నలుగురు. ఖయ్యూం కళ్లు తుడుచుకుని కత్తి అందుకున్నాడు.

ఆ సందడిలో అనీసా ఫోన్ మోగింది. ఖమ్మంలో బట్టల షాపు నడిపే వాళ్ల నాన్న అబూబకర్. కూతురు చెప్పేది వినకుండానే, "ఆ పిల్లగానికి ఫోన్ ఇయ్యి," అన్నాడట. హఫీజ్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు.

"సలాం అలైకుం సార్."

"వాలేకుం సలాం. వీడియో చూసిన. అది కోడేనా, పన్నీరా?"

"కోడే సార్. మా అమ్మీ వండింది."

"మా అనీసా ఈద్ నాడు నేను బతిమాలినా ముట్టలే. వాళ్లమ్మ ఏడ్చినా ముట్టలే. ఎంత తిన్నది?"

"రెండు ముక్కలు సార్."

"రెండా?" అన్నాడు అబూబకర్. "నువ్వేం జేస్తవ్ బాబూ?"

"చికెన్ షాపు సార్."

హఫీజ్ ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"డాక్టర్ సంబంధం చూపించిన, ఇంజనీర్ సంబంధం చూపించిన. ఒక్కని ఫోటో గూడ పూర్తిగ చూడలే," అన్నాడు అబూబకర్. "సరే. ఈద్ అయినంక మీ అమ్మీ అబ్బాజాన్‌ను తీసుకొని మా ఇంటికి రా. మటన్ వండిస్త. నా బిడ్డను మళ్లొకసారి గట్ల కష్టపెట్టకు."

హఫీజ్ ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"ఏమన్నరు?" అంది అనీసా.

"ఈద్ అయినంక ఇంటికి రమ్మన్నరు. అమ్మీని, అబ్బాజాన్‌ను తీసుకొని."

"ఎందుకంట?"

"నేను అడగలే. అడిగితే ఆలోచన మార్చుకుంటరేమో అని భయమైంది."

"నేను అడుగుతున్న. ఎందుకు?"

హఫీజ్ ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "నాకు మీరంటే చానా ఇష్టం అనీసా. షాపు ఉన్నా లేకున్నా."

"ఉండాలె," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "ఊరికే తిన్ననా?"

అవతల ఖయ్యూం ఒక్కడే గిరాకీతో సతమతమవుతూ కొడుకును పేరు పెట్టి పిలుస్తున్నాడు. హఫీజ్‌కు వినిపించలేదు. మళ్లీ పిలిచాడు. హఫీజ్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"వస్తున్నడు అబ్బాజాన్," అని బదులిచ్చింది అనీసా.

ఖయ్యూం కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. తలుపు చాటునుంచి గుల్నాజ్ ఈవలికి వచ్చేసింది. రెడ్యా మాత్రం తన కిలో ఇంకా కొట్టలేదని గుర్తు చేశాడు.