నాలుగు టాంకర్ల యుద్ధం

"కాల్చమంటే కాలుస్తావు. దూకమంటే దూకుతావు. ఈసారి ఆ రెండూ అక్కర్లేదు," అన్నాడు చీఫ్. "ఇరవై రోజుల్లో ఒక కంప్యూటర్ గేమ్ నేర్చుకోవాలి."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ డేగ అని పిలిచే ఆ సీనియర్ ఏజెంట్ నవ్వబోయి, చీఫ్ మొహం చూసి మానేశాడు.

విషయం ఇదీ. ఒక విదేశీ ముఠా ఆన్‌లైన్ మిలటరీ సిమ్యులేషన్ గేమ్‌లో దాడికి రిహార్సల్ చేస్తోంది. అందులోని మ్యాపు అచ్చం ఈ నగరమే. ముఠా సప్లై ఆఫీసర్ని డిపార్ట్‌మెంట్ గుట్టుగా పట్టేసింది. అతను జ్వరంతో పడుకున్నాడని ముఠాని నమ్మించింది గాయని. హోటళ్లలో పాడే ఆ అందగత్తె వాళ్ల మనిషిగా చెలామణి అవుతున్న మన మనిషి. ఇక అతని బదులు డేగ ఆడాలి. ఆట రాదని బయటపడితే ముందు పోయేది ఆమె ప్రాణం.

గొంతు మార్చడానికి హెడ్‌సెట్‌లో మాడ్యులేటర్ పెట్టారు. బుర్ర మార్చే పరికరం మాత్రం డిపార్ట్‌మెంట్ దగ్గర లేదు.

నేర్పించేది మ్యాపుల సెక్షన్ మేడమ్. మాన్యువల్ ఆరువందల నలభై పేజీలు. మొదటిరోజు డేగ సైన్యం తొమ్మిది నిమిషాల్లో డీజిల్ అయిపోయి ఆగిపోయింది. మూడోరోజు డీజిల్ చేరింది, గుండ్లు చేరలేదు. ఆరోరోజు రెండూ చేరాయి, శత్రువులకి. ఎనిమిదోరోజు మౌస్ గోడకి విసిరికొట్టాడు.

"ఎనిమిది దేశాల్లో పనిచేశాను మేడమ్. ఈ లారీలు నా మాట వినవేంటి?"

మేడమ్ మౌస్ ఏరి తెచ్చి బల్లమీద పెట్టింది. "మీరు యుద్ధం గెలవాలని చూస్తున్నారు సార్. మీ పని అది కాదు. ఎవరికి, ఎంత, ఎప్పటికి కావాలో చూడండి. ఏం అడుగుతున్నారో చూస్తే ఏం చేయబోతున్నారో అదే తెలుస్తుంది."

ఇంట్లోనూ అదే ధ్యాస. కూర వేయమంటారా అని భార్య అడిగితే, రెండు టాంకర్లు చాలన్నాడు. ఆవిడ రిటైర్మెంట్ సంగతి ఆలోచించమంది.

ఇరవయ్యో రోజు, ఉదయం పది. డాక్టర్ అని పిలిపించుకునే ముఠా నాయకుడు లైన్లోకి వచ్చాడు.

"జ్వరం తగ్గిందా?"

"నోరింకా చేదుగానే ఉంది." కోడ్ కలిసింది.

నాలుగు టాంకర్లు రేవు పక్కనున్న గ్యాస్ డిపోకి పంపాలన్నాడు డాక్టర్. తిరిగి రావడానికి డీజిల్ ఎంత అని డేగ అడిగాడు. అక్కర్లేదన్నాడు. మరి రేపటి నిల్వ? అదీ వద్దన్నాడు.

కీబోర్డు మీద డేగ వేళ్లు ఆగిపోయాయి. రేపటి డీజిల్ కూడా అడగనివాడు చేసేది రిహార్సల్ కాదు. అంటే, తెరమీది ఒక్కో టాంకరుకీ బయట రోడ్డుమీద నిజమైన టాంకరు ఒకటుంది. దాని డ్రైవరు ఫోన్లో ఈ మ్యాపే చూసుకుంటూ నడుపుతున్నాడు.

'దాడి ఇవాళే. టాంకర్లని మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టుకోండి' అని చీటీ రాసి మేడమ్ వైపు తోశాడు. ఆమె ఫోన్ అందుకునేలోపే టాంకర్లని అటు మళ్లించాడు.

"దారెందుకు మార్చావు?" డాక్టర్ గొంతులో అనుమానం. అతని పక్కనే కూనిరాగం తీస్తున్న గాయని ఠక్కున ఆపేయడం డేగకి వినిపించింది.

"జంక్షన్లో ఇది చెత్త లారీలొచ్చే టైము. నాలుగూ ఇరుక్కుంటాయి. నీకు కావల్సింది యుద్ధమా, ట్రాఫిక్ జామా?"

అటునుంచి మౌస్ నొక్కిన చప్పుడు. "సరే, పోనీ."

పదకొండు నిమిషాల తర్వాత నాలుగు టాంకర్లూ ఫ్యాక్టరీ గేటు దగ్గర బాంబ్ స్క్వాడ్‌కి చిక్కాయి. చివరిదాని టైమర్ మీద మిగిలినవి ఆరు సెకన్లు. కమాండోలు ముఠా స్థావరం తలుపు బద్దలుకొట్టేసరికి గాయని పిస్తోలు డాక్టర్ వీపుకి ఆనించి ఉంది.

డేగ కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా తెరమీద గేమ్ తన తీర్పు చెప్పింది: 'సరుకు గమ్యం చేరలేదు. ఓటమికి కారణం: సప్లై ఆఫీసర్ అసమర్థత.'

మేడమ్‌ని అడిగి దాన్ని ప్రింటు తీయించుకున్నాడు. ఇన్నేళ్ల రహస్య ఉద్యోగంలో అతనికి రాతపూర్వకంగా దక్కిన ప్రశంస అదొక్కటే.