కుజుడికి రెడ్ ఆక్సైడ్

"భూమి ఏదండీ?"

హరిచందన నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది. ట్రాలీ ఆటోలోంచి నేను అప్పుడే దించిన సౌర కుటుంబం చుట్టూ రెండుసార్లు తిరిగి, కళ్లజోడు మీద పడ్డ వాన చినుకుల్ని చున్నీతో తుడుచుకుని మరీ అడిగింది.

"గదేంది మేడం, కాళ్ల కిందనే ఉంది గద," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"జోకులు తర్వాత. బుధుడున్నాడు, శుక్రుడున్నాడు, కుజుడున్నాడు. మనం బతుకుతున్న భూమి లేదు. పైగా ఈయనెవరు?" అంటూ ఒక ఇనప బంతిని వేలితో పొడిచింది. దాని వెనకాల పాము తోకలా వంచిన రాడ్డు ఒకటి ఊగింది.

"కేతువు మేడం."

"ఎనిమిదో క్లాసు సైన్సులోకి కేతువు ఎందుకొచ్చాడండీ!"

ఇక్కడ నేను నిజం ఒప్పుకోవాలి. నా పేరు బ్లెస్సన్. మల్లాపూర్‌లో మాకో ఫ్యాబ్రికేషన్ షాపుంది. గేట్లు, గ్రిల్లులు, మెట్లకు రెయిలింగులు చేస్తాం. నాచారంలోని ఒక స్కూలు నుంచి సైన్స్ టీచర్, అంటే ఈ హరిచందనే, ఫోన్ చేసి, "మధ్యలో సూర్యుడు, చుట్టూ ఎనిమిది గ్రహాలు, పేర్లు తెలుగులో కావాలి" అంది. సరేనన్నాను. స్కూల్లో నేనూ చదివే ఉంటాను. ఆ పీరియడ్‌లో నిద్రపోయి కూడా ఉంటాను.

అందుకని మా పెద్ద వెల్డర్ బసవరాజు అన్నను అడిగాను. ఆయన ప్రతి శనివారం గుడికి వెళ్లి శనికి నూనె పోసి వచ్చే మనిషి. "గ్రహాల పేర్లా? గదెంత పని!" అని ఊపిరి తీసుకోకుండా తొమ్మిదీ చెప్పేశాడు. మధ్యలో సూర్యుడు, చుట్టూ ఎనిమిది. లెక్క సరిపోయింది. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

"ఇంకోటి," అంది హరిచందన. "పేర్లన్నీ తలా ఒక దిక్కు చూస్తున్నాయేంటి?"

"గుళ్లె గట్లనే ఉంటరంట మేడం. ఒకల మొఖం ఒకలు సూస్కోరంట. బసవన్న చెప్పిండు."

ఆమె పెదవి బిగబట్టింది. భుజాలు మాత్రం ఆగలేదు. ఎంత ఆపుకున్నా నవ్వు బయటికి తన్నుకొచ్చింది. గొడుగు కూడా పక్కకి ఒరిగి సగం తడిసింది. కోపంగా ఉన్న అమ్మాయి నవ్వితే ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ తర్వాత పని మీద ధ్యాస నిలిస్తే ఒట్టు.

"ఎల్లుండి శనివారం ఎగ్జిబిషన్. చంద్రుణ్ని, రాహువుని, కేతువుని తీసేసి భూమి, యురేనస్, నెప్ట్యూన్ పెట్టాలి. అవుతుందా?"

"అయితది మేడం. ముగ్గురే కదా ట్రాన్స్‌ఫర్."

*

మర్నాడు స్కూలు వదిలాక వెనక షెడ్డులో పని మొదలుపెట్టాను. రేకుల మీద వాన దంచుతోంది. కేతువు తోక కోసేశాను. రాహువు పేరు మీద యురేనస్ ప్లేటు పెట్టి అతికించేశాను. ఆమె స్టూలు వేసుకుని కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. దిద్దుతున్నట్టు నటిస్తోందని నా అనుమానం. అరగంటలో ఒక్క పేపరూ తిరగలేదు.

"రేపు మీరు కూడా రావాలి," అంది. "హ్యాండిల్ తిప్పితే చెయిన్ పట్టేస్తోంది. పైగా పిల్లలు ప్రశ్నలడుగుతారు. పక్కన నిలబడ్డవాళ్లు నోరు తెరవాలి కదా."

"నాకేం తెలుసు మేడం?"

"నేర్పుతాను. అన్నిటికంటే వేడి గ్రహం ఏది?"

"బుధుడు. సూర్యుని పక్కనే ఉన్నడు గద."

"అందరూ పడే గోతిలోనే పడ్డారు. శుక్రుడు. దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ మందంగా కప్పేసి ఉంటుంది. లోపలి వేడి బయటికి పోదు."

"మా షాపు లెక్కనే. రేకుల కింద ఏప్రిల్ నెల."

"పర్లేదే! శుక్రుడి మీద ఒక రోజంటే అక్కడి ఏడాది కంటే ఎక్కువ. తన చుట్టూ తాను తిరగడానికి అంత బద్ధకం."

"గట్లయితే బర్త్‌డే దినాం వస్తది."

"ప్లూటోని ఎందుకు తీసేశారు?"

"సిఫారసు లేక."

"కాదు. గ్రహం అనిపించుకోవాలంటే తన దారిని తను ఖాళీ చేసుకోవాలి. ప్లూటో దారి నిండా వేరే ముక్కలున్నాయి."

"అంటే తన గల్లీ తాను ఊడ్చుకోలే. సమజైంది."

ఆమె ఎర్ర పెన్ను దవడకి ఆనించి నన్ను చూసింది. నేను గబగబా బ్రష్ తీసి కుజుడికి రంగు వేయడం మొదలుపెట్టాను.

"ఏం పెయింటది?"

"రెడ్ ఆక్సైడ్ మేడం. తుప్పు రాకుండ కొడతరు. మా షాపుల ఇదే పొద్దుగాల టిఫిన్, రాత్రి భోజనం." నా అరచేతులు చూపించాను. గీతల్లోకి, గోళ్ల అంచుల్లోకి ఆ రంగు ఇంకిపోయి ఉంది. సబ్బు, కిరోసిన్, మా అమ్మ రాహేలు తిట్లు, ఏవీ పనిచేయలేదు.

హరిచందన పేపర్లు పక్కన పెట్టింది. "అది కూడా ఐరన్ ఆక్సైడేనండీ. తుప్పులో ఉండేదే. కుజుడు ఎర్రగా ఉండేదీ దానివల్లే. తెలియకుండానే అసలు రంగు వేసేశారు."

"అంటే తుప్పును ఆపేది గూడ తుప్పేనా?"

"అంతే అనుకోండి."

అంటూనే ఆమె మొహంలో నవ్వు తగ్గిపోయింది. వాన వైపు చూస్తూ, "ఇది మా నాన్నకి చెప్పాలి. నాకు కుజ దోషం. ఏడు సంబంధాలు తప్పిపోయాయి," అంది. "క్లాసులో కుజుడంటే తుప్పు పట్టిన రాళ్లు, దుమ్ము అని బోర్డు మీద రాస్తాను. ఇంటికెళ్తే అదే కుజుడు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. కుజ దోషం ఉన్నవాడికే ఇస్తానని నాన్న పట్టు. రెండు దోషాలు కలిస్తే చెల్లిపోతాయట."

నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఏడు కుటుంబాలు ఈ అమ్మాయిని వద్దనుకున్నాయా? ఆ ఏడుగురికీ నా తరఫున బిర్యానీ పెట్టించాలనిపించింది. దాచడమెందుకు, నేను పూర్తిగా పడిపోయాను. ఎలాగైనా ఈమె నాకు కావాలి.

"మేడం, నాకు జాతకమే లేదు," అన్నాను.

"అదృష్టవంతులు," అని ఆమె పేపర్లు సర్దుకుని వెళ్లిపోయింది.

ప్రపోజ్ చేశానని నాకొక్కడికే తెలిసింది.

*

శనివారం స్కూలంతా జాతరే. నేను హ్యాండిల్ తిప్పుతున్నాను, గ్రహాలు కిర్రుకిర్రుమంటూ తిరుగుతున్నాయి, పిల్లలు నా మీద ప్రశ్నల వాన కురిపిస్తున్నారు.

"అంకుల్, గురుడి మీద నిలబడొచ్చా?"

"నేలే లేదమ్మా. అంతా గ్యాసే. కాలు పెడితే లోపలికే."

"శనిని నీళ్లలో వేస్తే?"

"తేలుతడు. గంత పెద్ద బకెట్ నువ్వు తెస్తే."

అంకుల్ అన్నందుకు బాధపడే టైమ్ కూడా లేదు. అప్పుడే ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి, గొడుగు మీద చేతులానించి, పరీక్ష పెట్టేవాడిలా నిలబడ్డాడు.

"ఇందులో రాహుకేతువులేరీ?"

"ఉన్నరు సార్. రాహువు యురేనస్ ప్లేటు కింద డ్యూటీ చేస్తున్నడు. కేతువుకు తోక తీసి నెప్ట్యూన్ పోస్టింగ్ ఇచ్చినం."

ఆయన మీసం కొంచెం కదిలింది. "కుజుడంటే నీకు భయం లేదా బాబూ?"

"భయమెందుకు సార్? మల్లాపూర్‌ల మాకు దినాం కుజుడే. ఎవరి గేటు సూసినా తుప్పే. తుప్పు పట్టిందని గేటు పారేస్తమా? మంచిగ గీకి, రెడ్ ఆక్సైడ్ కొడతం. గదీ తుప్పు రంగే. తుప్పుకు తుప్పే మందు."

"దోషానికి దోషమే విరుగుడు," అన్నాడాయన నెమ్మదిగా, తనలో తాను.

"నాన్నా! మీరెప్పుడొచ్చారు?"

వెనకాల హరిచందన. హ్యాండిల్ నా చేతిలోంచి జారింది. సౌర కుటుంబం మొత్తం ఆగిపోయింది.

అంటే ఈయన హరిచందన వాళ్ల నాన్న రామచంద్రరావు గారు. కుజ దోషం ఉన్నవాడికే పిల్లనిస్తానని పట్టుబట్టిన రామచంద్రరావు గారు! నేను ఇంతసేపు ఆయనకే కుజుడి గురించి లెక్చర్ దంచాను. ఎలాగూ మునిగాను, ఇక ఒంటి మీద తడి గురించి ఆలోచించడం ఎందుకని నోరు తెరిచేశాను.

"సార్, నా పేరు బ్లెస్సన్. నాకు జాతకం లేదు. బర్త్ సర్టిఫికెట్ ఉంది గానీ అండ్ల టైమ్ లేదు. కానీ..." రెండు అరచేతులూ ఆయన ముందు చాచాను. "పదేండ్ల సంది ఈ ఎరుపు పోతలేదు. హైదరాబాద్ మొత్తం తిరిగినా నాకంటె పెద్ద కుజ దోషం ఉన్నోడు మీకు దొరకడు సార్. మేడం అంటే నాకు ఇష్టం. మస్తు ఇష్టం."

చుట్టూ ఉన్న పిల్లలు "ఓ..." అన్నారు. హరిచందన చెంపల ముందు నా కుజుడు వెలవెలబోయాడు.

రామచంద్రరావు గారు కళ్లజోడు తీసి నా చేతుల్ని దగ్గరగా చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగారు. "ఏమ్మా, ఇదంతా నీకు తెలుసా?"

"నిన్న జాతకం లేదన్నాడు నాన్నా. ఎందుకన్నాడో ఇంటికెళ్లాక వెలిగింది. పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నా, మళ్లీ ఎప్పుడంటాడా అని."

నేను ఆసరాకి హ్యాండిల్ పట్టుకుంటే గ్రహాలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"ఆదివారాలు చర్చికి వెళ్తావా?" అని నన్నడిగారు ఆయన.

"మా అమ్మ వదలదు సార్."

"మరి మంగళవారం?"

"షాపుల ఉంట."

"మంగళవారం పొద్దున్న మా ఇంటికి రా. గేటు తుప్పు పట్టింది. మిగతా సంగతులు అక్కడ మాట్లాడుకుందాం. మీ అమ్మగారికి కూడా ఓ మాట చెప్పు." గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

నాకు ఉసూరుమంది. "గేటు పనికి పిలిచిండు మేడం. కస్టమర్ అయిండు, మామ కాలే."

హరిచందన కళ్లనిండా నీళ్లు. నవ్వుతోంది కూడా. "మొద్దబ్బాయీ, మంగళవారం కుజుడి వారం. మా నాన్న మంగళవారం గోళ్లు కూడా తీసుకోరు. కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మంగళవారం ఎవరినీ ఇంటికి పిలవడం నేను చూడలేదు!"

*

మంగళవారం పొద్దున ఎనిమిదికల్లా రెడ్ ఆక్సైడ్ డబ్బాతో వాళ్ల గేటు ముందున్నాను. రామచంద్రరావు గారు వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని, దాని పైనుంచి నన్నే చూస్తున్నారు. తుప్పు గీకి ఒక రెక్కకి రంగు వేశానో లేదో, హరిచందన రెండో బ్రష్ పట్టుకుని బయటికొచ్చింది.

"చేతులకు అంటుకుంటది మేడం. పోదు."

"మేడమేంటి ఇంకా? పోకూడదనే కదా," అని బ్రష్ వదిలేసి, అరచేతిని తడి గేటుకి అదిమి తీసింది.

వాళ్ల నాన్న పేపరు దించారు. ఆమె ఎర్రటి చేతిని చూశారు, నా చేతుల్నీ చూశారు.

"కనకమహాలక్ష్మీ," అని లోపలున్న భార్యకి కేకేశారు, "దోషం ఇద్దరికీ సమానంగా ఉంది. కాఫీ పట్రా."